మా పెట్టెల గది పైన గచ్చు చప్పుడు

ఇది నాకు జరిగింది. ఎవరో చెప్పగా విన్నది కాదు... నాకే జరిగింది. ఎక్కడ నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా. ఆఫీసులో చెబితే నవ్వారు. మీరూ నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం నేను ఆపేస్తాను.

ఎందుకంటే ఆ రాత్రి తలుచుకుంటే నాకు భయం కంటే ముందు కోపం వస్తుంది. ఇప్పటికీ.

నేను పుట్టింది కామాఠిపురలో. మా తాత పాలమూరు నుంచి కూలికి వచ్చాడు. మా నాన్న బిల్డింగులకు రంగులు వేసేవాడు. చాలీలో, అంటే వరస గదుల పాత బిల్డింగులో, మాది ఒకే ఒక్క ఖోలీ, ఒక్క గది. అందులోనే వంట, అందులోనే పడక. బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఇంట్లో తెలుగు. మా తమ్ముడిని తెలుగులో పిలిస్తే హిందీలో పలుకుతాడు. నేనే ఎందుకో పట్టుబట్టి తెలుగు చదవడం, రాయడం కూడా నేర్చుకున్నాను. ఆ తెలుగే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది.

ఒక యూనివర్సిటీలో... పేరు చెప్పను... పాత ఫోటోలు, కాగితాలు, మనుషుల గొంతులు రికార్డు చేసి భద్రపరిచే విభాగం ఒకటుంది. ఆర్కైవ్ అంటారు. మా వాడలో పాత చాలీలు కూల్చి టవర్లు కడతారని తేలాక, అక్కడి చరిత్రను దాచిపెట్టాలని వాళ్లకు అనిపించింది. దానికి తెలుగు వచ్చిన మనిషి కావాలి. నన్ను తీసుకున్నారు.

ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

కామాఠిపుర అంటే బయటివాళ్లకు ఏం గుర్తొస్తుందో మీకు తెలుసు... ఒళ్లు అమ్ముకునే ఆడవాళ్ల వీధులు. గ్రాంట్ రోడ్‌లో టాక్సీ ఎక్కి మా గల్లీ పేరు చెబితే, డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూస్తాడు. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ వాడకు ఆ పేరు వచ్చిందే మావాళ్ల వల్ల. రాళ్లు మోసి, మట్టి తవ్వి, ఈ ఊరిని కట్టడానికి వచ్చిన తెలుగు కూలీలను కామాఠీలు అన్నారు. వాళ్లున్న చోటు కామాఠిపుర. ఈ సంగతి ఇన్నాళ్లకు ఒక పెద్ద చదువుల చోట రాసి ఉంటుంది కదా అనుకున్నాను. పిచ్చిదాన్ని.

మా చాలీలో అందరికంటే పెద్దది సాయవ్వ. ఎనభై దాటాయి. చిన్నప్పుడు తల్లి వెంట గచ్చు కొట్టడానికి వెళ్లేదట. అప్పట్లో డాబాల మీద నీళ్లు దిగకుండా సున్నం, ఇటుక ముక్కలు కలిపి పరిచేవాళ్లు. దాని మీద ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని, చెక్కలతో కొట్టుకుంటూ వెనక్కి వెనక్కి జరిగేవాళ్లు. ఒక వరస కొడితే ఎదుటి వరస జవాబిచ్చినట్టు కొడుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. కొట్టి కొట్టి అది రాయిలా బిగుసుకునే దాకా. సున్నానికి వేళ్ల సందులు పగిలి రక్తం వచ్చేదట.

ఆమె చెబుతుంటే నేను చాలా మధ్యాహ్నాలు కూర్చుని రికార్డు చేశాను. చివరి రోజున మంచం కింద నుంచి ఒక గుడ్డ మూట తీసింది. లోపల రెండు చెక్కలు. ఒకటి తనది, ఒకటి వాళ్లమ్మది. ఒక ఫోటో కూడా ఉంది. ఏదో డాబా మీద వరసగా కూర్చున్న ఆడవాళ్లు. అందరివీ వంచిన తలలు. ఒక్కామె మాత్రం తలెత్తి సూటిగా చూస్తోంది... ఎవరో పని చెడగొట్టారన్నట్టు.

ఆమె సాయవ్వ తల్లి. ఎల్లవ్వ. మిగతావాళ్ల పేర్లు కూడా సాయవ్వ చెప్పింది. ఒక్కొక్కరి మీద వేలు పెట్టి చెప్పింది.

తల్లి చెక్కను నా చేతిలో పెడుతూ పిడి దగ్గర చూపించింది. "ఈడ సూడు బిడ్డా, మా అమ్మ పట్టి పట్టి గుంత వడ్డది." తర్వాత అడిగింది. "మంచిగ దాస్తరా?"

"దాస్తరవ్వా," అన్నాను. "మన ఖోలీలకంటె మంచిగ దాస్తరు."

ఆ మాట నేనే అన్నాను. నా నోటితో.

ఇప్పుడు వినండి వాళ్లు ఎలా దాచారో.

మా విభాగం పెద్దాయనను అందరూ సర్ అంటారు. నేనూ అలాగే అంటాను. ఆయనకు కామాఠిపుర నుంచి ఒకే ఒక్క కథ కావాలి. రాత్రులు, కిటికీలు, ఆ దీపాలు. ఆ ఆడవాళ్ల బతుకుల గురించి రాయొద్దని నేననలేదు, వాళ్లూ మా గల్లీ మనుషులే. కానీ మావాళ్ల రికార్డింగులు తెచ్చి ఇచ్చినప్పుడల్లా ఆయన ముఖం పక్కకు తిరిగేది. ఇందులో ఆసక్తికరమైనది ఏముంది అనేవాడు. తెలుగులో ఉంటే ఎవరు వింటారు అనేవాడు.

ఒకరోజు ఫోటో కింద రాసిన మాటలు చూశాను. నేను రాసిన పేర్లు తీసేశారు. ఆ స్థానంలో ఇంగ్లీషులో... గుర్తు తెలియని కూలి స్త్రీలు.

నేరుగా ఆయన గదికి వెళ్లాను. పేర్లు ఎందుకు తీసేశారని అడిగాను.

"వాటికి ఆధారం ఏమిటి?" అన్నాడు.

"ఆమె చెప్పింది సర్. వాళ్ల పక్కన కూర్చుని పని చేసిన మనిషి."

"అది జ్ఞాపకం సవితా. ఆధారం కాదు."

అంతే. మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగాడు.

ఇక మా పెట్టెలను పెట్టిన గది సంగతి. మాది పాత రాతి భవనం. కింద ఏసీ గదులున్నాయి, వాటిలో పెద్ద పెద్ద కుటుంబాలు ఇచ్చిన కాగితాలు చల్లగా పడుకుని ఉంటాయి. మావి మాత్రం పై అంతస్తులో, డాబా కింద గదిలో. వానాకాలం వస్తే పైకప్పు కారుతుంది. ఎన్నిసార్లు రాసి ఇచ్చానో. ఒకరు ఇంజినీరుకు పంపామంటారు, ఇంజినీరు తనకు రాలేదంటాడు. చివరికి నేనే ఇంటి నుంచి ప్లాస్టిక్ షీటు తెచ్చి కప్పాను. నాగ్‌పాడాలో బకెట్లు కొని తెచ్చి కింద పెట్టాను.

ఆ రోజు... జూలైలో ఒక రోజు. పొద్దుటి నుంచీ వాన. మధ్యాహ్నం సర్ పిలిచాడు. ప్రాజెక్టు ముగిస్తున్నామన్నాడు. తెలుగు రికార్డింగులు, ఆ వస్తువులు ఉంచడానికి తడవని స్థలం లేదట. ఇచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చేయమన్నాడు. తీసుకోనివాళ్లవి పారేయొచ్చన్నాడు.

ఎవరికి తిరిగి ఇవ్వాలి? చాలీ ఖాళీ అయింది. అద్దె గదులు వెతుక్కుని ఒకరు నాలాసోపారాకు పోయారు, ఒకరు భివండీకి పోయారు. కొందరు ఎక్కడున్నారో కూడా తెలియదు. అదే అడిగాను. నా గొంతు పెరిగింది. తలుపు బయట అందరికీ వినిపించింది. వినిపించనీ అనుకున్నాను. వాళ్ల ఇళ్లు పోతున్నాయనే కదా ఇక్కడ దాస్తామన్నారు, ఇప్పుడు ఇదీ ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలి అన్నాను. ఆయన నా అరుపు ఆగే దాకా చూసి, రేపటి నుంచి పెట్టెలు కట్టడం మొదలుపెట్టమన్నాడు.

సాయంత్రానికి అందరూ వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. వాన చూస్తే ఆగేలా లేదు, పైన మా పెట్టెలు తడుస్తాయి. రేపు పారేసేవాటిని ఈ రాత్రి కాపాడటం ఏమిటని మీరు అడగొచ్చు. కోపంలో అలాంటివి తోచవు. తర్వాత లోకల్ రైళ్లు కూడా ఆగిపోయాయి. వాచ్‌మన్ షిండే కాకా టీ తెచ్చి ఇచ్చి, చదువుకునే గదిలో బల్ల మీద పడుకో తాయీ అన్నాడు. తాయీ అంటే అక్క. ఆయన నాకంటే చాలా పెద్ద, అయినా అలాగే పిలుస్తాడు.

నేను పైకే వెళ్లాను.

కాసేపటికి కరెంటు పోయింది.

ఫోను లైటు వేసుకుని కూర్చున్నాను. బయట హోరు. లోపల బకెట్లలో చుక్కలు... టప్... టప్... నిండిన బకెట్లను కిటికీలోంచి ఒంపి మళ్లీ పెడుతున్నాను. పైకప్పులో పగులు మా పెట్టెల మీదుగా పోతుంది. కళ్లు మూతలు పడుతున్నాయి. నిద్రపోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, నేను నిద్రపోలేదు. సర్ అన్న మాటలు తలలో తిరుగుతుంటే నిద్ర ఎలా వస్తుంది?

టప్... టప్...

టప్...

తర్వాత చుక్క పడలేదు.

వాన తగ్గిందేమో అనుకున్నాను. తగ్గలేదు. కిటికీ బయట అలాగే కురుస్తోంది. లైటు పైకి వేశాను. పగులు తడిగా మెరుస్తోంది. చుక్క మాత్రం దిగడం లేదు.

అప్పుడు వినిపించింది.

పైన... డాబా మీద... థప్. థప్. థప్.

మెల్లగా. చాలా మెల్లగా. పైపులోంచి నీళ్లు పడుతున్నాయేమో అనుకున్నాను. రేకు కొట్టుకుంటోందేమో అనుకున్నాను. కానీ ఒక పక్క నుంచి కొన్ని దెబ్బలు... ఆగి... ఇంకో పక్క నుంచి కొన్ని. మళ్లీ ఇటు. మళ్లీ అటు. గాలికి కొట్టుకునే రేకు అలా వంతులు వేసుకోదు.

చప్పుడు కదులుతోంది. గోడ వైపు నుంచి మొదలై... కొంచెం కొంచెంగా... వెనక్కి వెనక్కి... నా నెత్తి మీదికి వచ్చింది. ఆ పగులు పొడవునా.

నేను మెట్ల దగ్గరికి పరుగెత్తి షిండే కాకాను పిలిచాను. ఆయన టార్చి తీసుకుని ఆయాసపడుతూ వచ్చాడు. ఏమైందన్నాడు. నేను పైకి వేలు చూపించాను.

ఆయన విన్నాడు. విన్నాడని నేను ప్రమాణం చేసి చెబుతాను. టార్చి పట్టుకున్న చెయ్యి కిందికి జారింది.

దొంగలేమో అన్నాడు, గొంతు తగ్గించి. ఇద్దరం డాబా మెట్లు ఎక్కాం. పైన ఇనుప తలుపు. లోపలి వైపు నుంచి తాళం. ఆ తాళం తీసి ఎన్ని నెలలైందో, తుప్పు పట్టి ఉంది. తాళంచెవి ఆఫీసు బీరువాలో ఉంటుంది. అంటే మా వైపు నుంచి ఎవరూ పైకి పోలేదు. పైకి ఇంకో దారి లేదు.

తలుపు మీద చెయ్యి పెట్టాను.

ఇనుము సన్నగా అదురుతోంది. ఒక్కో దెబ్బకూ... ఒక్కో దెబ్బకూ... నా అరచేతిలో తెలుస్తోంది.

తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది.

వాన ఒక్కటే.

షిండే కాకా నా భుజం పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. నేను కదల్లేకపోయాను. తలుపు అవతల ఎవరో వచ్చి నిలబడ్డారు. ఎలా తెలిసిందని అడగకండి. గోడ అవతల మనిషి నిలబడితే చాలీలో పెరిగినవాళ్లకు తెలుస్తుంది.

ఆడగొంతు. బొంగురుగా... అలసిపోయి... చాలాసేపటి నుంచి ఎదురుచూసి విసిగిపోయినట్టు.

"సున్నం ఏదే?"

అంతే. ఇంకేమీ కాదు. పని ఆగిపోయిందని పనిపిల్లను కసిరినట్టు.

నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది. "తెస్తున్న."

ఎందుకన్నానో నాకు తెలియదు. అమ్మ ఏదైనా అడిగితే అంటాం కదా, ఆలోచించకుండా... అలాగే వచ్చింది.

అవతల ఎవరో వెనక్కి నడిచిన అలికిడి. మళ్లీ మొదలైంది. థప్. థప్. థప్. ఈసారి గట్టిగా, కసిగా.

షిండే కాకా నన్ను ఈడ్చుకుంటూ కిందికి తెచ్చాడు. ఇద్దరం గేటు దగ్గర ఆయన కేబిన్‌లో కూర్చున్నాం. ఆయన పెదవులు కదులుతున్నాయి, ఏదో జపిస్తున్నాడు. నేను ఏడ్చానా అంటే ఏడ్చాను. అది భయం ఒక్కటే కాదు. ఆ గొంతులోని అలసట... నేను రికార్డు చేసిన గొంతుల్లో చాలావాటిలో ఉండేది అదే.

తెల్లవారాక గుమాస్తా వచ్చి బీరువా తీశాడు. తాళంచెవి ఇప్పించుకుని డాబా తలుపు తెరిచాను. తాళం కదలడానికి నూనె పోయాల్సి వచ్చింది. పైన ఏముంది? ఏమీ లేదు. పావురాల రెట్టలు, విరిగిన కుర్చీ, చీలమండ దాకా నీళ్లు. సున్నం లేదు, అడుగుల జాడ లేదు. పగులు ఎలా ఉండేదో అలాగే ఉంది.

కింద గదిలో మాత్రం బకెట్లలో రాత్రి నుంచి చుక్క పడలేదు. ప్లాస్టిక్ షీటు ఆరిపోయింది. వాన ఇంకా పడుతూనే ఉంది.

షిండే కాకాను అందరి ముందు అడిగాను, మీరు విన్నారు కదా అని. ఆయన నేల వైపు చూస్తూ అది నీళ్ల పంపు చప్పుడన్నాడు. కరెంటు లేకుండా పంపు ఎలా తిరిగింది కాకా అన్నాను. తర్వాత ఒంటరిగా దొరికినప్పుడు మళ్లీ అడిగితే, నాకు ఈ నౌకరీ కావాలి తాయీ, ఆ మాట అడగకు అన్నాడు. ఆ వారమే పగటి డ్యూటీకి మారిపోయాడు.

ఇంజినీరు కూడా వచ్చాడు, ఇన్నేళ్లకు. పగుళ్లలో మట్టి దిగి ఒక్కోసారి వాటంతట అవే పూడుకుపోతాయన్నాడు. అది నిజమే అయి ఉండొచ్చు. నాకు తెలియదు.

సర్ వచ్చి చూశాడు. పొడిగా ఉన్న గోడ మీద చెయ్యి వేసి చూసి, ఏమన్నాడో తెలుసా? "చూశావా, అనవసరంగా అంత గొడవ చేశావు. గది బాగానే ఉందిగా."

గది బాగానే ఉంది కాబట్టి పెట్టెలు పారేయాల్సిన తొందర కూడా లేదట. ఉండనీ అన్నాడు. మరమ్మతు కాగితం కూడా పక్కన పెట్టేశాడు. నేను ఇన్నాళ్లు అరిచి సాధించలేనిది ఆ రాత్రి జరిగింది. ఆ ఘనత కూడా ఆయనే తన పేరున రాసుకున్నాడు. పెట్టెల గది సురక్షితమని రిపోర్టులో.

ఆ ఆదివారం నాలాసోపారా వెళ్లాను. సాయవ్వ మనవడి అద్దె గదిలో, కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది. అంతా చెప్పాను. పేర్లు తీసేసిన సంగతి కూడా దాచలేదు. చెబుతూ చెబుతూ నాకు ధైర్యం వచ్చింది. చివర్లో కొంచెం గర్వంగానే అన్నాను, మనోళ్లే వచ్చి మన సామాను కాపాడుకున్నరేమో అవ్వా అని. ఆమె కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను. దండం పెట్టుకుంటుందనుకున్నాను.

సాయవ్వ ముఖం గట్టిపడింది.

"సచ్చినంక గూడ మా ఆడోళ్లతోనే కొట్టిపిచ్చుకుంటున్నరా?" అంది.

"వాన్ల," అంది మళ్లీ. "వాన్ల గచ్చు ఎవలన్న కొడ్తరా? వానొస్తె పని బంద్ వెడ్తరు. పని చేపిచ్చే ముకద్దం గూడ బంద్ వెడ్తడు. వాళ్లకు దిగిపొమ్మని చెప్పేటోడే లేడా ఆడ?"

నేను చేతులు పట్టుకోబోతే విడిపించుకుంది. నా మీద కోపమో, సర్ మీద కోపమో, ఇంకెవరి మీదో. మనవడు హిందీలో ఏమైందని అడిగాడు. ఆమె నా వైపే చూస్తోంది.

"మల్ల ఇనవడ్తె దిగిపొమ్మని చెప్పు. నువ్వే చెప్పాలె. ఆడ తెలుగు ఒచ్చినోళ్లు ఇంకెవలున్నరు?"

చెబుతానన్నాను.

ఆ తర్వాత ఫోటో కింద పేర్లు రాయడానికి నేను మళ్లీ అర్జీ పెట్టాను. అది బల్ల మీదే ఉంది. నేను మానేయలేదు, వాళ్లు నన్ను తీసేయలేదు. పెట్టెలు అదే గదిలో ఉన్నాయి.

ఆ వానాకాలంలోనే ఇంకా చాలాసార్లు గట్టి వానలు పడ్డాయి. ఒకటి రెండు రాత్రులు ఏదో పని కల్పించుకుని డాబా మెట్ల మీద కూర్చున్నాను. చెప్పాల్సిన మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుని. వాన చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. గదిలోకి చుక్క దిగలేదు.

అది ఏమిటో నాకు తెలియదు. పంపే కావొచ్చు. నా కోపమే నాకు అలా వినిపించి ఉండొచ్చు. కానీ ఒక్కటి అడుగుతాను. వాళ్లు దిగిపోయారు కాబట్టే చప్పుడు ఆగిందా... లేక పైన కూర్చుని, నేను తెస్తానన్న సున్నం కోసం ఇంకా ఎదురుచూస్తున్నారా?

ఎవరికి తెలుసు? నేను మాత్రం వాన పడితే ఆ మెట్లు వదిలి ఇంటికి త్వరగా రాలేకపోతున్నాను.